ఇనుము కుదించుకునే లోతుల్లో

మన కాళ్ల కింద 660 కిలోమీటర్ల లోతు నుంచి 2,890 కిలోమీటర్ల దాకా ఉన్న పొర దిగువ ప్రావారం. భూమి ఘనపరిమాణంలో సగానికి పైగా ఇదే. ఇక్కడ బ్రిడ్జ్‌మనైట్ తర్వాత ఎక్కువగా ఉండే ఖనిజం ఫెర్రోపెరిక్లేజ్. మెగ్నీషియం ఆక్సైడ్‌లో కొంత మెగ్నీషియం స్థానాన్ని ఇనుము ఆక్రమిస్తే ఏర్పడే ఖనిజమిది. అంత లోతులో ఈ ఇనుము స్వభావమే మారిపోతుంది.

ఇందులో ఒక్కో ఇనుము అయాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. అయాన్ వెలుపలి పొరలోని ఆరు ఎలక్ట్రాన్లకు ఐదు ఆర్బిటాళ్లు ఉన్నాయి: మూడు తక్కువ శక్తివి, రెండు ఎక్కువ శక్తివి. మామూలు పీడనంలో ఒక జత మాత్రమే ఏర్పడి, మిగిలిన నాలుగు ఎలక్ట్రాన్లు విడివిడిగా ఉంటాయి. అందుకే ఆ అయాన్ చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. పీడనం పెరిగి ఆక్సిజన్లు దగ్గరకు జరిగేకొద్దీ రెండు శక్తిస్థాయుల మధ్య అంతరం పెరుగుతుంది. చివరికి పైనున్న రెండు ఎలక్ట్రాన్లు కిందికి దిగి జతకడతాయి. మొత్తం మూడు జతలు; అయస్కాంతత్వం మాయం. పై ఆర్బిటాళ్లు సూటిగా ఆక్సిజన్ల వైపే ఉంటాయి కనుక, అవి ఖాళీ కాగానే అయాన్ కుదించుకుంటుంది, ఖనిజం సాంద్రత పెరుగుతుంది.

ఇలా జరగవచ్చని 1960లో విలియం ఫైఫ్ ఊహించారు. 2003లో జేమ్స్ బద్రో బృందం ప్రయోగంలో చూపింది. రెండు వజ్రాల మొనల మధ్య ఖనిజాన్ని నొక్కి, ఇనుము వెలువరించే ఎక్స్-కిరణాలను పరిశీలించారు. ఆ కిరణాల వర్ణపటంలో ప్రధాన శిఖరం పక్కన ఉండే చిన్న శిఖరం విడి ఎలక్ట్రాన్లకు గుర్తు. 60–70 గిగాపాస్కళ్ల దగ్గర, అంటే వాతావరణ పీడనానికి దాదాపు ఆరేడు లక్షల రెట్ల దగ్గర, అది కనిపించకుండా పోయింది.

భూమి లోపలి వేడికి ఈ మార్పు ఒక్క గీత దగ్గర జరగదు; వందల కిలోమీటర్ల మేర నెమ్మదిగా సాగుతుంది. ఆ మేరలో ఖనిజం ఒత్తిడికి తేలిగ్గా లొంగుతుంది. నొక్కుతూ, సడలిస్తూ సాగే పీ-తరంగాలపై దాని ప్రభావం పడుతుంది. పక్కలకు ఊపే ఎస్-తరంగాలపై అంతగా పడదు. లోపలికి మునిగిన చల్లని సముద్రపు పలకల్లో పీ-తరంగాలు చూపాల్సిన అదనపు వేగం కొన్ని లోతుల్లో తగ్గుతోందని, ఎస్-తరంగాల్లో అది నిలిచే ఉందని 2021లో ఒక అధ్యయనం గుర్తించింది.

భూకంప తరంగాల వేగాన్ని బట్టే శాస్త్రవేత్తలు లోపలి ఉష్ణోగ్రతను, రసాయన కూర్పును అంచనా కడతారు. ఇనుములోని ఈ మార్పును లెక్కలోకి తీసుకోకపోతే, చల్లని శిలను వేరే పదార్థమని పొరబడే ప్రమాదం ఉంది. భూగర్భ పటం సరిగ్గా రావాలంటే ముందు ఈ ఎలక్ట్రాన్ల లెక్క సరిపోవాలి.