పాచి, గార, చిగురు: చిగుళ్ళ వ్యాధి అవగాహనలో తెలుగు పదాల పాత్ర

దంతవైద్యశాలకు వచ్చే రోగులకు చిగుళ్ళ వ్యాధిపై ఎంత అవగాహన ఉన్నదో కొలవడానికి ప్రశ్నావళి పద్ధతిని విరివిగా వాడుతున్నారు. ఆ ప్రశ్నలు చాలావరకు ఆంగ్లం నుండి తెలుగులోకి వస్తాయి. రోగి ‘తెలియదు’ అని సమాధానమిచ్చినప్పుడు అతనికి తెలియనిది వ్యాధా, లేక ప్రశ్నలోని పదమా అన్న సందేహం భాషాధ్యయన పరిధిలోనిది. ఈ వ్యాసం ఆ సందేహాన్నే పరిశీలిస్తుంది.

ముందుగా వ్యాధి స్వరూపం. పళ్ళపై సూక్ష్మజీవులు పలుచని పొరగా పేరుకొంటాయి. దానిని తొలగించకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి అది రాయిలా గట్టిపడుతుంది. హెరాల్డ్ లో బృందం డెన్మార్క్‌లో జరిపి 1965లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన 12 మంది పళ్ళు తోముకోవడం మానివేయగా మూడు వారాలలోపే అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. తిరిగి తోమడం మొదలుపెట్టగానే తగ్గిపోయింది. అయితే వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగితే పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఈ మార్పంతా చాలావరకు నొప్పి లేకుండానే జరుగుతుంది. పిప్పి పన్ను సలుపుతుంది కనుక రోగిని వైద్యుని వద్దకు నడిపిస్తుంది. చిగుళ్ళ వ్యాధికి ఆ గుణం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి కేసులను 100 కోట్లకు పైగా అంచనా వేసింది.

ఈ క్రమంలోని మొదటి రెండు దశలకూ తెలుగులో వాడుక పదాలున్నాయి. మెత్తని పొర ‘పాచి’, గట్టిపడినది ‘గార’. నీటిలోని రాతిపై పట్టే జిగురు పొరనూ పాచి అనే అంటాం. సూక్ష్మజీవుల సముదాయం తడి ఉపరితలాన్ని అంటిపెట్టుకొని పెరగడమన్న ఆధునిక భావనకు ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. గోడకు పూసే సున్నపు గారతో పంటి గారను కలిపి చూసిన జనవ్యవహారమూ పరిశీలన లేనిది కాదు. అయినా అవగాహన కరపత్రాలలో ‘ప్లాక్’, ‘టార్టార్’, ‘పీరియాడాంటైటిస్’ అనే మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. ఉన్న పదాన్ని వదిలి లేని పదాన్ని నేర్పడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

అయితే వాడుక పదం దానంతట అదే నిర్దుష్టం కాదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు తాగే ప్రాంతాలలో పళ్ళపై ఏర్పడే మచ్చలనూ గార అంటారు. ఆ మచ్చ పింగాణీ పొరలోనిది, శుభ్రం చేసినా పోదు. పాచి గట్టిపడి ఏర్పడిన గార తొలగించదగినది. ఈ భేదం చెప్పకుండా ‘గార తీయించుకోండి’ అంటే రోగి తప్పు ఆశ పెట్టుకొంటాడు.

సంస్కృత వైద్య సంప్రదాయంలో ఈ స్పష్టత కొంత ఉంది. సుశ్రుత సంహిత నిదానస్థానం 16వ అధ్యాయం దంతమూల రోగాలను 15గా, దంత రోగాలను 8గా వేరుచేసి చెప్పింది. చిగుళ్ళ నుండి రక్తం కారే ‘శీతాదం’ మొదటి వర్గంలోను, గారను పోలిన ‘దంతశర్కర’ రెండవ వర్గంలోను ఉన్నాయి. అంటే గారను చిగురుకు కాక పంటికి చెందినదిగా లెక్కించారు. నేటి రోగి కూడా గారను పంటి అందానికి సంబంధించిన లోపంగానే చూస్తాడు, చిగురుతో ముడిపెట్టడు.

నెత్తురు విషయంలో ‘వేడి చేసింది’ అన్న వివరణ మరింత బలమైనది. దానిని అజ్ఞానమని కొట్టివేయలేం. అది ఒక పూర్తి కారణ సిద్ధాంతం, దానికి మజ్జిగ వంటి చికిత్సా ఉంది. ‘శుభ్రం చేయిస్తే పళ్ళు కదులుతాయి’ అన్న నమ్మకమూ అనుభవం నుండి పుట్టినదే. ఎముక కరిగిన పళ్ళ సందులను అప్పటిదాకా గార పూడ్చి ఉంచుతుంది. తీసివేయగానే సందులు, కదలిక బయటపడతాయి. నష్టం ముందే జరిగినా, నింద చికిత్సపై పడుతుంది.

కనుక ‘మీకు చిగుళ్ళ వ్యాధి గురించి తెలుసా?’ అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఉమ్మిలో నెత్తురు పడుతున్నదా, అందుకు కారణం ఏమనుకొంటున్నారు, పాచికీ చిగురుకూ సంబంధమేమిటి అన్నవి విడివిడిగా అడగాలి. వేడి అన్న సమాధానాన్ని ‘తెలియదు’లో కలపకుండా వేరుగా నమోదు చేయాలి. చిగుళ్ళను ‘ఇగుళ్ళు’ అనే ప్రాంతాలలో ఆ మాటనే ప్రశ్నలోకి తీసుకోవాలి.