పండుగ కార్డులో కుశలం, కార్డు వెనుక సంసారం: బన్సీలాల్‌పేట్ నేపథ్యంలో ఒక పరిశీలన

సంక్రాంతికి ఊరు వెళ్లినవారు, తీర్థయాత్రకు బయలుదేరినవారు ఇంటికి వ్రాసిన పోస్టుకార్డులను పరిశోధకులు సాధారణంగా పక్కన పెడతారు. ‘ఉభయకుశలోపరి’ అని మొదలై, పెద్దలకు నమస్కారాలతోనూ పిన్నలకు ఆశీస్సులతోనూ ముగిసే నాలుగు వరుసలలో చరిత్ర ఏముంటుందన్నది వారి సందేహం. ఆ కుశలాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం కూడా అంతే పొరపాటు.

బ్రిటిష్ ఇండియాలో పోస్టుకార్డు 1879 జూలై 1న వెలువడింది. వెల కాలణా. కవరు లేని ఉత్తరం కనుక దానిని దారిలో ఎవరైనా చదవవచ్చు. సేఠ్ బన్సీలాల్ పేరు మీద వెలసి, 1933లో బ్రిటిష్ రెసిడెంటు టి. హెచ్. కీస్ హయాంలో ఆదర్శగ్రామంగా తీర్చిదిద్దబడిన బన్సీలాల్‌పేట్ వంటి పేటలో ఈ విషయానికి ప్రాధాన్యం ఎక్కువ. చదువురాని ఇంట కార్డును పోస్టుమానో, బడికి వెళ్లే పిల్లవాడో పైకి చదివేవాడు. వినేవారిలో ఇరుగుపొరుగు కూడా ఉండేవారు. వ్రాసే చేయి సైతం తరచుగా మరొకరిది. అందుచేత అప్పు, అలక, కోడలి కష్టం కార్డుకెక్కవు. ‘మిగతా విషయాలు ముఖతః’ అనే వాక్యం మాత్రం ఎక్కుతుంది. అసలు సంసారమంతా ఆ వాక్యం చాటున ఉంటుంది.

కంటోన్మెంటు దొరలు పంపిన బొమ్మకార్డులది మరొక దారి. తొలినాళ్లలో కార్డు వెనుకవైపు చిరునామాకే పరిమితం. కబురును బొమ్మ అంచున ఇరికించవలసిందే. 1902లో బ్రిటన్ వెనుకవైపును రెండుగా విభజించడానికి అనుమతించింది. తరువాత ఇతర దేశాలూ ఆ పద్ధతిని అనుసరించడంతో వ్రాతకు చోటు దొరికింది. భారతీయ జీవనదృశ్యాలుగా అచ్చయిన కార్డులలో నీళ్లు మోసే భిస్తీ, చాకలి, ఆయా కనిపిస్తారు, పేర్లు మాత్రం ఉండవు. బొమ్మవైపు పనివాడు, వ్రాతవైపు దొరసాని క్రిస్మస్ శుభాకాంక్షలు! ఇద్దరూ ఒకే కార్డుపై ఉన్నా మాట ఒకరిదే. పనివాడు తన ఊరికి వ్రాయించిన కార్డు దొరికితే తప్ప రెండవ మాట వినబడదు.

అది దొరకడమే కష్టం. శుభవార్త మోసే కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి పంపేవారు. వాటిని దాచుకునేవారు. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపివేయడం ఆచారం. అశుభాన్ని ఇంట ఉంచకూడదన్న నమ్మకమే దానికి కారణం. కాబట్టి పాత ట్రంకుపెట్టెలో మిగిలిన కట్టను చూసి ఆ కుటుంబం పండుగలతోనే బ్రతికిందని అనుకోవడం తగదు. దుఃఖానికి సంబంధించిన ఆధారాన్ని ఆచారమే తుడిచివేసింది. బన్సీలాల్‌పేట్ మెట్లబావికి పూడిక తీసి 2022లో పూర్వరూపం తెచ్చారు. చింపిన కాగితానికి ఆ భాగ్యం లేదు.

అందువలన కార్డుల కట్టను పరిశీలించేటప్పుడు వరుసలో తెగిన చోట్లను ముందుగా గుర్తించాలి. ఏటా వచ్చే పండుగ కార్డు ఏ సంవత్సరం రాలేదు, చిరునామాలో ‘కేరాఫ్’ ఎప్పుడు మారింది, సంతకం స్థానంలో వేలిముద్ర ఉన్నదా, పెద్దలకు నమస్కారాలలో ఏ పేరు హఠాత్తుగా మాయమైంది అన్నవి తపాలా ముద్రలోని తేదీతో సరిచూడవలసిన అంశాలు.