పసికందు ప్రాణానికి ‘పొట్ట ఫొటో’

మద్నూర్: తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించే సరిహద్దు ఊరు మద్నూర్. సలాబత్‌పూర్ చెక్‌పోస్టు దాటితే మహారాష్ట్రలోని దెగ్లూర్. ఇటు వస్తే బాన్సువాడ, ఆపైన నిజామాబాద్. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రాత్రివేళ పొట్ట ఉబ్బితే ఏ దారి పట్టాలో కన్నవారికి చప్పున తోచదు. ‘గాలి చేరింది’ అనుకుని వాము నీళ్లు పట్టి తెల్లవారేదాకా చూస్తే ముప్పు తప్పదు.

కిలోన్నర లోపు బరువుతో పుట్టిన శిశువులకు నెక్రోటైజింగ్ ఎంటెరోకోలైటిస్ అనే పేగు జబ్బు రావచ్చు. పేరు నోరు తిరగదు గాని జబ్బు గంటల్లో ముదురుతుంది. తరచు రెండో, మూడో వారంలో, బిడ్డ పాలకు అలవాటుపడిందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయానికి వస్తుంది. పొట్ట ఉబ్బరం, పసరు వాంతి, విరేచనంలో నెత్తురు జీర, బిడ్డ మందగించడం దీని గుర్తులు.

దెబ్బతిన్న పేగు గోడలోకి సూక్ష్మజీవులు చొరబడి వాయువు పుట్టిస్తాయి. ఎక్స్‌రే ఫిల్ముపై అది నురుగులా, సన్నని గీతల్లా కనిపిస్తుంది. 1978లో అమెరికా శస్త్రవైద్యుడు మార్టిన్ బెల్, ఆయన సహచరులు జబ్బును దశలుగా విభజించారు. జబ్బును ఖాయపరిచే ఆనవాళ్లలో ఈ వాయువు ముఖ్యమైనది. పేగుకు రంధ్రం పడితే గాలి పొట్టలోకి వస్తుంది. బిడ్డను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసిన ఫిల్ములో అది కాలేయం మీద నల్లగా తేలుతుంది. అప్పుడిక సర్జన్ చేయి పడాల్సిందే.

మొదటి ఫొటో బాగుందని నిశ్చింతగా ఉండరాదు. తొలి దశలో ఏమీ కనబడకపోవచ్చు. అందుకే అనుమానమున్న బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి మళ్లీ తీస్తారు. ‘ఇంత పసిగుడ్డుకు ఇన్ని ఫొటోలా’ అని పెద్దలు సణగడం మామూలే. కిరణాల మోతాదు స్వల్పం. జబ్బు తెలియకపోతే జరిగే నష్టం పెద్దది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ కూడా తోడయింది. ముందే తెలిస్తే డాక్టర్లు కొన్నాళ్లు పాలు ఆపి, సెలైన్, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. ఆపరేషన్ లేకుండానే ఎందరో బిడ్డలు గట్టెక్కుతారు.

డబ్బా పాలు తాగే శిశువులతో పోలిస్తే తల్లిపాలు తాగేవారికి ఈ జబ్బు తక్కువ. బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాల ప్రోత్సాహానికి జాతీయ స్థాయి గుర్తింపు దక్కడం ఈ ప్రాంత తల్లులకు మంచి కబురే.

పెద్దాసుపత్రికి పంపినప్పుడు అంతకుముందు తీసిన ఫిల్ములు, చివరిసారి పాలు పట్టిన వేళ రాసిన చీటీ వెంట ఉండాలి. పాత ఫొటో పక్కన పెట్టి చూస్తేనే కదలకుండా ఒకేచోట నిలిచిపోయిన పేగు చుట్ట డాక్టరు కంటబడుతుంది.