కాలేయమును, నొప్పి బిళ్లలును



నాట్ల కాలమున నడుము వంచి పనిచేసిన కూలివానికిని, కీళ్లవాతముచే బాధపడు వృద్ధునకును నేడు మన గోదావరి సీమలో మొదట స్ఫురించునది నొప్పి బిళ్ల. దానివలన కాలేయమునకు కీడు కలుగునని వినినవారు కొందరు విరుగుడుగా పసుపు మాత్రలను, ‘సి’, ‘ఇ’ విటమిను బిళ్లలను సేవించుచున్నారు. వీనిని యాంటీఆక్సిడెంట్లందురు, అనగా దేహకణములు ఆక్సీకరణముచే చెడకుండ కాచునవి. ఈ రెంటిని కలిపి సేవించుట క్షేమమా యనునది విచారింపదగిన విషయము.

కాలేయము దేహమునకు గాదె వంటిది. భీమవరమున 1895లో జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో ఫోలికామ్లమను పోషకమును వేరుపరచినది కాలేయమునుండియే. ఆ గాదెలోనే గ్లూటాథయోన్ అను మరియొక ద్రవ్యము గలదు. మనము మ్రింగిన ప్యారాసిటమాల్‌లో అధికభాగము కాలేయమున నిరపాయమైన రూపమునొంది మూత్రముద్వారా వెడలిపోవును. స్వల్పభాగము మాత్రము విషముగా మారును. దానిని గ్లూటాథయోన్ వెంటనే యణచును. మితిమీరి బిళ్లలు మ్రింగినచో గాదె యడుగంటును. విషము కాలేయకణములను చంపును. నిత్యము సారాయి త్రాగువారికిని, తిండి చాలక కృశించినవారికిని గాదె ముందే వెలితి.

అట్లయిన బజారు మాత్రలతో దానిని నింపరాదా యని యడుగవచ్చును. అది యంత సులభము కాదు. 3 గ్రాముల ‘సి’ విటమిను సేవించినవారిలో ప్యారాసిటమాల్ నిరపాయముగా వెడలు మార్గములలో నొకటి మందగించెనని 1976లో ప్రకటింపబడినది. ‘ఇ’ విటమిను అధికముగా సేవించుచు ఆస్పిరిన్ వాడినచో రక్తస్రావభయము హెచ్చును. కూరలోని చిటికెడు పసుపునకు భయపడ నక్కరలేదు. కాని పసుపుసారమును మిరియపుసారముతో కూర్చిన మాత్రలవలన కాలేయము దెబ్బతినినవారు కలరని అమెరికా వైద్యులు 2022లో తెలిపిరి. కరోనా దినములలో వాడిన తిప్పతీగవలన గూడ కొందరికి కాలేయవ్యాధి కలిగినట్లు 2021లో ముంబయి వైద్యులు వ్రాసిరి.

గ్లూటాథయోనును మరల నింపు మందు నిజముగా నొకటి గలదు. దాని పేరు ఎసిటైల్‌సిస్టీన్. అయితే అది ఆసుపత్రిలో వైద్యుడు తూచి యిచ్చునది. 8 గంటలలోపల నిచ్చినచో ఫలము మెండు. మొదటి దినమున రోగి బాగుగనే యున్నట్లు కనబడవచ్చును. కావున కామెర్లు తోచువరకు ఆగరాదు, పసరు మందులతో కాలయాపన చేయరాదు. వెంటనే కాకినాడ, రాజమహేంద్రవరము, ఏలూరు, ఏది చేరువైన నచటి పెద్దాసుపత్రికి చేర్పవలయును.

ఆరోగ్యవంతుడగు పెద్దవానికి ప్యారాసిటమాల్ దినమునకు 4 గ్రాములు మించరాదు. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు చేరినచో 3,900 మిల్లీగ్రాములగును. బక్కపలుచనివారికిని, త్రాగువారికిని, కాలేయరోగులకును పరిమితి ఇంకను తక్కువ. దానిని వైద్యుడే నిర్ణయింపవలయును. జలుబు బిళ్లలు పెక్కింటిలో ఈ మందే వేరు పేరుతో దాగియుండును. కావున మ్రింగుటకు ముందు అట్టమీది యక్షరములను చదువుడు. చదువురాని పొరుగువారికి చదివి వినిపింపుడు. అక్షరము నేర్చిన పెద్దలు ఊరికి చేయదగిన మేలులలో నిది యొకటి.