పక్కవారి బెండు మునిగితే...

"గాలమా? నువ్వా? ఈ వయసులో కాలవ గట్టెక్కి చేపలు పడతావా?"

మా ఆడపడుచు ఫోన్లో అడిగిన మాట ఇది. మీరూ అలాగే నవ్వుకుంటున్నారేమో. నవ్వండి, ఫరవాలేదు. చిలకలూరిపేటలో పుట్టి, ఇక్కడే మెట్టినదాన్ని. యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు చేపంటే బజారులో బేరమాడి, ఇంటికి తెచ్చి తోమి, పులుసు పెట్టేదే. దాన్ని నీళ్ళలోంచి పైకి లాగేవాళ్ళ గురించి ఆలోచించిన పాపాన పోలేదు. పైగా మా వారు ఆదివారం తెల్లారకుండానే గాలం కర్ర స్కూటర్‌కి కట్టుకుని సాగర్ కాలవకి బయల్దేరుతుంటే "పనీపాటా లేనివాళ్ళ సరదా" అని సణిగేదాన్ని.

ఇప్పుడు నేనూ వెళుతున్నాను. చేపలు పట్టడం నాకు సగమే వచ్చింది. కానీ కష్టంలో ఉన్న మనిషి పక్కన ఎలా కూర్చోవాలో మాత్రం ఆ గట్టు మీదే నేర్చుకున్నాను. అది మీతో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

పరామర్శల వేళ

2019లో, సంక్రాంతి వెళ్ళిన కొత్తల్లో, స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నెల్లాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నా. అది నేను చేసిన తప్పు. మీరు మాత్రం చెయ్యకండి. రొమ్ములో గడ్డ నొప్పి లేకపోయినా సరే, వెంటనే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

పరీక్షలయ్యాయి. ఆపరేషన్ అయింది. రొమ్ముతోపాటు చంకలోని గ్రంథులు కూడా తీశారు. ఆ తర్వాత కీమోథెరపీ. నా జడంతా దువ్వెనకి వచ్చేసింది.

చూడ్డానికి అందరూ వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, హార్లిక్స్ తెచ్చారు. కూర్చున్న రెండో నిమిషంలో మొదలయ్యేవి ప్రశ్నలు. "మొత్తం తీసేశారా, కొంచెమేనా?" "మీ వంశంలో ఎవరికైనా ఉందా?" "అమ్మాయిని కూడా ఓసారి చూపించుకోమను." "ఆయనగారు ఏమంటున్నారు?" ఈ చివరి ప్రశ్న అడిగేప్పుడు గొంతు తగ్గించేవారు. నేను పైట సర్దుకుంటుంటే వాళ్ళ చూపులు అటే పోయేవి. వెళ్ళేవాళ్ళు వెళుతూ వెళుతూ, ఫలానా ఆవిడకి ఇలాగే వచ్చి ఎన్నాళ్ళు బతికిందో లెక్కచెప్పి మరీ వెళ్ళేవారు.

వాళ్ళకి ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉండబట్టే వచ్చారు. కానీ గేటు చప్పుడైతే చాలు నా గుండె దడదడలాడేది. చివరికి "పడుకుందని చెప్పండి" అని మా వారిని గుమ్మంలో కాపలా పెట్టి, లోపల గడియ వేసుకునేదాన్ని.

కుడిచెయ్యి భుజం ఎత్తుకి కూడా లేచేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళు పైకి పాకించమంది. రోజుకింత అని గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టింది. ఆ గోడని చూస్తే ఏడుపొచ్చేది. చాలా రోజులు చెయ్యకుండానే చేశానని చెప్పాను.

డెన్వర్ నుంచి కబురు

మా అమ్మాయి అమెరికాలో, డెన్వర్‌లో ఉంటుంది. ఓ రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, మా ఆఫీసులో ఒకావిడకి నీలాగే ఆపరేషన్ అయింది. చేపలు పట్టే క్యాంపుకి వెళ్ళొచ్చింది" అంది. నాకు ముందు అర్థం కాలేదు.

సంగతేమిటంటే, 1996లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక డాక్టరమ్మ, చేపలు పట్టడంలో చెయ్యి తిరిగిన మరొకావిడ కలిసి "కాస్టింగ్ ఫర్ రికవరీ" అనే సంస్థ పెట్టారట. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళని రెండున్నర రోజులు ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి, పైసా తీసుకోకుండా "ఫ్లై ఫిషింగ్" నేర్పుతారు. ఈకలూ దారాలూ చుట్టి, గాలం ముల్లుని అచ్చు పురుగులా తయారుచేస్తారు. దానికి బరువుండదు కాబట్టి, దారం బరువుతోనే చేతిని వెనక్కీ ముందుకీ ఊపి, ఆ పురుగు నీళ్ళమీద వాలినట్టు వెయ్యాలి. ఆ ఊపు, ఆపరేషన్ తర్వాత డాక్టర్లు చెప్పే చేతి వ్యాయామంలాగే ఉంటుందని వాళ్ళు కనిపెట్టారు.

అక్కడ పాటించే మర్యాదలు కూడా మా అమ్మాయి చెప్పింది. ముందుగా వచ్చినవాళ్ళదే ఆ మడుగు. వెనక వచ్చినవాళ్ళు నీళ్ళు కదిలించకుండా చుట్టూ తిరిగి, దూరంగా వెళ్ళాలి. దగ్గరికి రావాలంటే అడిగి రావాలి. ఏ పురుగుకి చేప పడుతోందో దాచుకోకుండా చెప్పి, తన డబ్బాలోంచి ఒకటి తీసి ఇవ్వడం పెద్దరికం. పట్టిన చేపని వదిలేసేటప్పుడు ముందు చెయ్యి తడుపుకోవాలి. చేప ఒంటిమీద జిగురు పొర ఉంటుంది చూశారూ, అదే దానికి రక్ష. పొడిచేత్తో పట్టుకుంటే ఆ పొర ఊడిపోతుంది.

ఫోన్ పెట్టేశాక మా వారు గొంతు సవరించుకుని, "మన కాలవలో ఆ చేపలు లేవుగానీ, జెల్లలున్నాయి. డాక్టర్ని అడిగి చూద్దామా?" అన్నారు.

గట్టు మీద మొదటి రోజు

డాక్టరుగారు నవ్వి, సరే అన్నారు. ఒకటే షరతు. చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది. గీతలు, గాట్లు, ముళ్ళు తగిలి చీము పట్టకుండా చూసుకోవాలి. "గాలం ముల్లు ఆ చేతికి గుచ్చుకోకూడదమ్మా" అన్నారు. మరి ముల్లు ముట్టుకోకుండా గాలం ఎలా వెయ్యడం?

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం వెళ్ళాం. నాగార్జునసాగర్ కుడి కాలవకి 1967లో నీళ్ళు వదిలారు. మా నాన్నగారు ఆ సంబరం కథలుగా చెప్పేవారు. అప్పటినుంచీ మా పత్తికీ మిరపకీ ఆ నీళ్ళే ఆధారం. అదే నీళ్ళ పక్కన, తలకి స్కార్ఫు కట్టుకుని, ప్రవాహం నెమ్మదిగా ఉన్న ఒక రేవు మెట్టుమీద భయంభయంగా కూర్చున్నాను.

అప్పటికే నలుగురైదుగురున్నారు. జిన్నింగ్ మిల్లులో మూటలు మోసే ఒకాయన, ఒక టైలరు సాయిబుగారు, ఆటో నడిపే కుర్రాడు, తలపాగా చుట్టిన ఒక ముసలి రైతు. అందరూ ఆయన్ని తాత అంటారు. నన్ను చూసి అందరూ ఒక్కసారి తల ఊపారు, అంతే. మళ్ళీ ఎవరి బెండు వాళ్ళు చూసుకున్నారు. స్కార్ఫు ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మా వారు ఎర్రల డబ్బా కోసం స్కూటర్ దగ్గరికి వెళ్ళారు. నేను ముల్లు చేతిలోకి తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. తాత తన చోటునుంచి లేచి వచ్చి, "ఇట్టా ఇయ్యమ్మా" అని ముల్లు తీసుకుని, తన డబ్బాలోంచి ఎర్రని గుచ్చి, దారం నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఎందుకు గుచ్చుకోలేవని అడగలేదు. ఆ రోజునుంచి మా వారు పక్కన లేనప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి గుచ్చి వెళ్ళేవారు. ఒక్కోసారి సాయిబుగారు, "అక్కా, ఇదుగో గోధుమపిండి ముద్ద, శీలావతికి ఇదే ఇష్టం" అనేవారు.

మొదటి రోజు కర్రని మోచేతి ఎత్తుకే లేపగలిగాను. చేప పడలేదు. ఇంటికొచ్చి సంచి చూస్తే రెండు జెల్లలున్నాయి! ఎవరు వేశారో ఇప్పటికీ తెలీదు. ఖాళీ సంచితో ఎవరూ ఇంటికి పోకూడదనేది ఆ గట్టు మీద లెక్క అని తర్వాత మా వారు చెప్పారు.

గట్టు మీద రాయని చట్టం

వారం వారం వెళుతుంటే ఒక్కొక్కటే అర్థమైంది. ఇంకొకరి బెండుకి దగ్గరగా గాలం వెయ్యరు. కర్ర దాటి నడవరు. పక్కవారి బెండు మునిగి పెద్ద చేప గుంజుతుంటే, మన దారం అడ్డురాకుండా చటుక్కున పైకి తీసెయ్యాలి. మన చేప పోయినా సరే. వేలెడంత పిల్లల్నీ, పొట్టనిండా గుడ్లున్నవాటినీ నీళ్ళలో వదిలేస్తారు. ఆడవాళ్ళు బట్టలతో రేవుకి వస్తే, చెప్పకుండానే కర్రలు సర్దుకుని దిగువకి పోతారు. నీళ్ళలో బ్లీచింగ్ కలిపేవాడికీ, కరెంటు తీగ వేసేవాడికీ మాత్రం ఇక్కడ మర్యాద ఉండదు.

అన్నిటికన్నా పెద్ద నియమం, "ఎన్ని పడ్డాయి?" అని అడక్కూడదు. అడిగితే చేప పడదని నమ్మకం. నాకు మాత్రం అందులో వేరే అర్థం కనిపించింది. పడనివాడి మనసు నొచ్చుకోకుండా ఎవరో ఎప్పుడో పెట్టిన కట్టుబాటు అది.

ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు మోటార్‌సైకిల్ మీద వచ్చి, సరిగ్గా నా బెండు మీదే గాలాలు వేశారు. మూడు దారాలూ చిక్కుపడ్డాయి. ఇక గొడవే అనుకున్నా. తాత లేచి వచ్చి, ఓపిగ్గా ఆ చిక్కు విప్పాడు. "నాయనా, ఆ తూము అవతల లోతుంది. జెల్లలు బాగా పడతయ్. ఈ ఎర్రలు తీస్కపోండి" అని తన డబ్బాలో సగం వాళ్ళకి పోశాడు. కుర్రాళ్ళు సిగ్గుపడ్డారు. మరుసటి ఆదివారం వచ్చి, "తాతా, ఇక్కడ కూచోవచ్చా?" అని అడిగారు.

ఇంగ్లండులో 1496లోనే గాలం మీద ఒక పుస్తకం అచ్చయిందని, దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారని మా అమ్మాయి చెప్పింది. అది ఆవిడే రాసిందనడానికి గట్టి రుజువులేదని పండితులంటారట. ఎవరు రాసినా, అందులో ఈక పురుగులు కట్టే విధానంతో పాటు నడవడిక గురించీ ఉందిట. పేదవాడి నీళ్ళలో అతని సెలవు లేకుండా చేప పట్టొద్దనీ, దారిలో కంచెలు విరగ్గొట్టొద్దనీ, తీసిన గేటు మళ్ళీ వెయ్యమనీ, అత్యాశకి పోయి అన్నీ ఒక్కసారే పట్టుకుపోవద్దనీ. ఐదువందల ఏళ్ళనాటి ఆ మాటలు వింటుంటే నాకు మా తాతే కళ్ళముందు కదిలాడు. ఆయన ఆ పుస్తకం ఎక్కడ చూశాడు చెప్పండి!

ఆ చలికాలం గడిచేసరికి నా చెయ్యి గోడమీది ఆఖరి పెన్సిల్ గీత దాటింది. గోడ ముందు వ్యాయామమూ మానలేదు. కానీ దాన్ని మానకుండా చేసే ఓపిక గట్టే ఇచ్చింది.

నా బాకీ

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. కానీ ఒకటి చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

చాలా ఏళ్ళ కిందట మా వీధిలో ఒకావిడ కొడుకు చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అందరికంటే ముందు పరామర్శకి వెళ్ళింది నేనే. అరటిపళ్ళు తీసుకెళ్ళాను. "ఏమన్నారు మీరు వాణ్ణి? ఎవరితోనన్నా వెళ్ళాడా? డబ్బేమన్నా తీసుకెళ్ళాడా?" అని వరసగా అడిగాను. అక్కరతోనే అడిగాననుకున్నా. ఆ తర్వాత ఆవిడ నన్ను చూసి తలుపేసుకునేది. "ఎంత పొగరో!" అనుకున్నాను కూడా. నేను గడియ వేసుకుని లోపల కూర్చున్న రోజుల్లో గానీ ఆ తలుపు ఎందుకు మూసుకుందో నాకు తెలిసిరాలేదు.

ఒకనాడు నా గాలానికి మంచి కొర్రమేను పడింది. మామిడికాయ వేసి పులుసు పెట్టి, గిన్నెతో ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు తీసింది. క్షమించమని అడుగుదామనుకున్నా. మళ్ళీ ఆ గాయం కెలికినట్టవుతుందేమోనని ఊరుకున్నా. ఆవిడ తల మీద నెరిసిన జుట్టు చూశాను, గోడమీద అబ్బాయి ఫోటో చూశాను. దాని ఊసెత్తలేదు. వాకిట్లో ఇద్దరం కూర్చున్నాం. మిరపకాయల ధర గురించి, ఈ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యమైన సంగతి గురించి మాట్లాడుకున్నాం. చాలాసేపు అసలేమీ మాట్లాడుకోలేదు.

లేచేటప్పుడు తనే అంది, "వాడికి కొర్రమేను పులుసంటే ప్రాణం వదినా."

నేను ఏమీ అడగలేదు. ఆవిడ ఇంకాసేపు చెప్పింది. విన్నాను.

అందుకే చెల్లెళ్ళూ, మీ వీధిలో ఎవరింట్లోనైనా జబ్బో, కష్టమో వస్తే తప్పకుండా వెళ్ళండి. రోగాన్ని చూసి దూరంగా మాత్రం పోవద్దు. వెళ్ళినప్పుడు పళ్ళకంటే ముందు చూడాల్సింది, ఆ ఇంట్లో ఏ పని ఆగిపోయిందో. నీళ్ళు పట్టి పెట్టండి, పిల్లల్ని బడికి దించండి, ఒకపూట కూర పంపండి. ప్రశ్నలు మాత్రం గుమ్మం బయటే వదిలెయ్యండి. చెప్పాలనుకున్న రోజు వాళ్ళే చెబుతారు.

వచ్చే ఆదివారం ఆవిడ కూడా గట్టుకి వస్తానంది. ఎర్రలంటే అసహ్యమట. ఫరవాలేదు, నేను గోధుమపిండి ముద్ద పట్టుకెళతాను.