రాత్రి మంచిగున్న చేప తెల్లారేసరికి ఎందుకు చచ్చింది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు అక్వేరియం షాపుల్లో తరచూ వినపడే మాట ఇది: "రాత్రి దాకా మంచిగనే ఉండె అన్నా, పొద్దుగాల చూస్తే పోయింది." గోల్డ్‌ఫిష్ అయితే ఇంకోటి కొనుక్కుని వెళ్లిపోతారు. క్లౌన్, బ్లూ టాంగ్ లాంటి ఉప్పునీటి చేపల విషయంలో అంత తేలిగ్గా మనసు ఒప్పదు. చేప ఖరీదు ఒకటి, దాని కోసం నెలల తరబడి సిద్ధం చేసిన తొట్టె ఇంకొకటి. అందుకే తలా ఒక కారణం చెబుతారు. అసలు కారణం చాలాసార్లు గడిచిన ఒకటి రెండు రోజుల్లో ఇంట్లో జరిగిన మామూలు పనిలోనే ఉంటుంది.

అపోహ: ఇంటికి రావాల్సిన గండం చేప మోసుకుపోయింది.

వాస్తవం: వాస్తు చూసి హాల్లో తొట్టె పెట్టించుకున్న ఇళ్లలో ఈ మాట బాగా వినిపిస్తుంది. ఎవరి నమ్మకం వాళ్లది. చిక్కల్లా ఎక్కడంటే, గండం గడిచిందనుకున్నాక కారణం వెతికేవాళ్లుండరు. వచ్చే నెల రెండో చేప కూడా అదే కారణంతో పోతుంది.

అపోహ: బుడగలు వస్తూనే ఉన్నాయి, ఊపిరాడక చచ్చే ప్రశ్నే లేదు.

వాస్తవం: ఉప్పునీళ్లలో మంచినీళ్లలో కరిగినంత ఆక్సిజన్ కరగదు. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8.3 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, అదే సముద్రపు నీటిలో 6.8 మించదు. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే 6.2కు పడిపోతుంది. ఇవి సముద్రమట్టం దగ్గరి లెక్కలు. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇందులోంచి ఇంకో ఐదారు శాతం తీసేయాలి. అంటే ఎండాకాలంలో మన ఊళ్లో సముద్రపు చేప మామూలు రోజున కూడా బొటాబొటి ఊపిరితోనే బతుకుతోంది.

ఇక రోహిణి కార్తె. పగలంతా రోళ్లు పగిలే ఎండ, సాయంత్రానికి గాలిదుమారం, కరెంటు కట్. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి విజయవాడ హైవే వెంట లేచిన కొత్త కాలనీల్లో ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువే. కానీ ఆ ఇన్వర్టర్ మీద ఏమున్నాయో ఒక్కసారి చూడండి: ఫ్యాన్లు, లైట్లు, టీవీ. అక్వేరియం ప్లగ్గు మాత్రం ఏసీ, గీజర్ల లైన్లో ఉంటుంది. ఇంట్లో వాళ్లు ఫ్యాన్ కింద హాయిగా నిద్రపోతారు, హాల్లో పంపు మూడు గంటలు ఆగిపోతుంది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి తొట్టెలోని నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వకపోగా తనూ వాడుకుంటుంది. తెల్లవారుజామున పెద్ద చేపలు ముందు పోతాయి, నోరు తెరుచుకుని, మొప్పలు విప్పారి. చిన్న డామ్సెల్ చేప మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటుంది. పొద్దున లేచేసరికి కరెంటు వచ్చేసి ఉంటుంది, బుడగలూ వస్తుంటాయి. అనుమానం మాత్రం షాపువాడి మీదికి పోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి పెట్టుకుంటే ఇంత దూరం రాదు.

అపోహ: నీళ్లలో మేమేమీ కలపలేదు.

వాస్తవం: మీరు కలపకపోయినా ఎయిర్ పంపు కలుపుతుంది. అది గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి వదులుతుంది. సాయంత్రం దోమల స్ప్రే కొట్టి తలుపులు మూశారనుకోండి, లేదా వీధిలోకి ఫాగింగ్ బండి వచ్చినప్పుడు కిటికీ తెరిచే ఉందనుకోండి, ఆ మందు తొట్టెలో చేరినట్టే. ఇలాంటి మందుల్లో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్లు మనుషులకు తుమ్ములు తెప్పించే మోతాదులోనే చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకం. గుర్తు పట్టడం తేలికే: రొయ్యలు, ఎండ్రకాయలు ముందు పోతాయి, చేపలు మెలికలు తిరిగి అడ్డదిడ్డంగా కొట్టుకుంటాయి. ఊపిరాడక పోయిన తొట్టెకూ, విషం పడిన తొట్టెకూ తేడా ఎవరు ముందు పోయారన్న దాంట్లోనే ఉంటుంది.

అపోహ: టెస్ట్ కిట్‌లో అమ్మోనియా కనిపించింది, చంపింది అదే.

వాస్తవం: కావచ్చు, కాకపోనూ వచ్చు. చచ్చిన చేప రాత్రంతా నీళ్లలో ఉంటే దాని నుంచే అమ్మోనియా పుడుతుంది. ఆరు గంటలకు చచ్చిన చేపకు పదింటికి చేసిన పరీక్ష సాక్ష్యం కాదు. తొట్టె పెట్టి నెల కూడా కాలేదంటే మాత్రం మొదట అనుమానించాల్సింది అమ్మోనియానే, ఎందుకంటే దాన్ని తినే బాక్టీరియా ఇంకా కుదురుకోలేదు. పైగా ఉప్పునీటి తొట్టెలో పీహెచ్ 8.2 చుట్టూ ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీళ్లలో ఉన్న మొత్తం అమ్మోనియాలో విషంగా మారేది నూటికి ఒక వంతు కూడా కాదు, ఇక్కడ ఆరేడు వంతులు. మంచినీటి గప్పీలు ఓర్చుకునే మురికి క్లౌన్‌ను చంపడానికి కారణం ఇదే. నైట్రైట్ సంగతి తిరగబడుతుంది: మంచినీటి చేపలకు అది గండం, ఉప్పునీళ్లలోని క్లోరైడ్ మాత్రం దాన్ని మొప్పల్లోకి పెద్దగా పోనివ్వదు.

అపోహ: ఉప్పు ఉప్పే, దొడ్డుప్పు వేసినా ఒకటే.

వాస్తవం: సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే, మన వంటింటి ఉప్పు అందులో 27 గ్రాములే. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్, బైకార్బొనేట్ వగైరా. బైకార్బొనేట్ లేకుండా పీహెచ్ నిలవదు. మెరైన్ సాల్టే కొనాలి. ఇంకో పొరపాటు, ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోయడం. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, కాబట్టి పోయాల్సింది ఆర్వో నీళ్లే. బోరునీళ్లు వద్దు. కృష్ణా నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్ని కాలుస్తుంది.

అపోహ: ఎండ్రకాయే చంపింది, నేను కళ్లారా చూశా.

వాస్తవం: తినడం చూశారు. గుల్లలో దాక్కుని బతికే ఆ చిన్న ఎండ్రకాయ చచ్చినదాన్ని శుభ్రం చేస్తోంది, పాపం.

అపోహ: ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, జబ్బయ్యే అవకాశం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ తొట్టెలు ఖాళీ చేసేది ఈ నమ్మకమే. వెల్వెట్ అనే జబ్బుకు కారణమైన అమిలూడినియం అనే పరాన్నజీవి ముందు మొప్పల్లో చేరుతుంది. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు కనబడేది తర్వాత, ఒక్కోసారి కనబడకుండానే రెండు మూడు రోజుల్లో పని ముగిసిపోతుంది. ముందు రోజు చేప పంపు ప్రవాహానికి ఎదురుగా నిలబడి గబగబా ఊపిరి తీసిందా, తిండి మానేసిందా గుర్తు చేసుకోండి.

చేప చచ్చి గంటే అయితే దాన్ని పారేయకండి. స్పూను కొసతో మొప్ప మూత ఎత్తి చూడండి. మొప్ప ఎర్రగా ఉండాలి. పాలిపోయి జిగురు పట్టి ఉంటే జబ్బును అనుమానించాల్సిందే. చిన్న ముక్క కోసి, అదే ఉప్పునీటి చుక్కలో స్లైడు మీద పెట్టి ఏ కాలేజీ జువాలజీ ల్యాబ్ మైక్రోస్కోపు కింద చూసినా తేలిపోతుంది: ముదురు గోధుమరంగు గుండ్రటి బంతులు కదలకుండా అతుక్కుని ఉంటే వెల్వెట్, మెల్లగా గింగిరాలు తిరుగుతుంటే తెల్లమచ్చల వ్యాధి. ఆలస్యమైతే మొప్పలు కుళ్లిపోయి ఏమీ తెలియదు.

వెల్వెట్ అని తేలితే మిగిలిన చేపల్ని వేరే తొట్టెలోకి మార్చి అక్కడే రాగి మందు వేయాలి. పెద్ద తొట్టెలో వేస్తే రొయ్యలు, పగడాలు పోతాయి. ఆ తొట్టెను కనీసం ఆరు వారాలు చేపల్లేకుండా వదిలేయాలి. తెల్లమచ్చలైతే ఇంకా ఎక్కువ. ఈలోగా షాపులో ఎంత అందమైన టాంగ్ కనిపించినా కొనకూడదు.