చలికాలంలో కత్తెర పడితేనే వేసవిలో మల్లెల పంట.. మీ ఇంటి చెట్టు పూయకపోవడానికి అసలు కారణం ఇదే!

సంక్రాంతి ముగ్గుల్లో బంతిపూలు, పూజకు చామంతులు.. చలికాలం అంతా వీటిదే రాజ్యం. కానీ పూలంటే ప్రాణం పెట్టేవాళ్ల మనసు మాత్రం ఇప్పటికే మార్చి నెల మీద ఉంటుంది. ఉగాది నాటికి వేపపూత, ఆ వెంటే సాయంత్రం పూట గుమ్మం దగ్గర గుప్పుమనే మల్లెలు. అయితే ఆ మల్లెలు విరగబూస్తాయా, లేక నాలుగు మొగ్గలేసి ఊరుకుంటాయా అన్నది మార్చిలో తేలే విషయం కాదు. డిసెంబర్, జనవరి నెలల్లో చెట్టుకు మనం ఏం చేశామన్న దాన్ని బట్టి అది ఇప్పుడే తేలిపోతుంది.

వేసవి వచ్చిందంటే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే.. "చెట్టు చూస్తే ఏపుగా ఉంది, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు". ఎరువులు మార్చి చూస్తారు, కుండీ చోటు మారుస్తారు, చివరికి నర్సరీ వాడు మోసం చేశాడనుకుని మొక్కనే పీకేస్తారు. నిజానికి చాలాసార్లు మొక్కలో లోపం ఏమీ ఉండదు. చలికాలంలో దానికి కత్తెర పడలేదు, అంతే!

పచ్చటి చెట్టును ఎందుకు కత్తిరించాలి?

మల్లె పువ్వు పాత కొమ్మ మీద రాదు. కొత్తగా వచ్చిన చిగురు కొమ్మ చివరన వస్తుంది. నిరుడు పూసిన కొమ్మ ఈ ఏటికి ముదిరి, గట్టిపడి పుల్లలా తయారవుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే చెట్టు తన బలమంతా ఆ ముదురు కొమ్మల్ని, వాటి ఆకుల్ని పోషించడానికే ఖర్చు పెడుతుంది. అందుకే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది గానీ పూత ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కొమ్మ చివర ఉండే చిగురులో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది కిందికి దిగుతూ కణుపుల దగ్గరున్న చిన్న మొగ్గల్ని లేవకుండా నిద్రపుచ్చుతుంది. చివర కత్తిరించగానే ఆ పెత్తనం పోతుంది. ఒక్క కొమ్మ ఉన్నచోట రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు కొత్త కొమ్మలు లేస్తాయి. ఒక్కో చివరన గుత్తిగా మూడేసి మొగ్గలు వేసుకున్నా, పూలు ఎన్ని రెట్లు పెరుగుతాయో లెక్క మీరే వేసుకోవచ్చు.

మరి చలికాలంలోనే ఎందుకు? చలికి మల్లె ఎదుగుదల నెమ్మదిస్తుంది. చెట్టు దాదాపు విశ్రాంతిలో ఉంటుంది కాబట్టి కత్తిరింపు దెబ్బ పెద్దగా తగలదు. కాండంలో, వేళ్లలో దాచుకున్న ఆహారం అలాగే ఉంటుంది. ఫిబ్రవరిలో ఎండ కాస్త పదునెక్కగానే ఆ నిల్వ అంతా కొత్త చిగుళ్లలోకి తన్నుకొస్తుంది. అదే పనిని మరిచిపోయి మార్చిలో చేస్తే, అప్పటికే వస్తున్న పూత కొమ్మలు కత్తెరకు పోతాయి. మళ్లీ చిగురేసి మొగ్గ తొడిగేసరికి సీజన్ సగం అయిపోతుంది.

తోటల్లో రైతులు చేసేది ఇదే

ఎన్టీఆర్ జిల్లా మైలవరం వైపు మల్లె తోటలకు పేరు. ఇలా మల్లె మీద బతికే రైతులకు ఈ కత్తిరింపు సరదా పని కాదు, ఏడాది ఆదాయం దీని మీదే నడుస్తుంది. ముందుగా తోటకు నీళ్లు ఆపేస్తారు. భూమి ఆరి, చెట్టు బెట్టకు వచ్చి ఆకులు రాలుస్తుంది. కొన్ని చోట్ల గొర్రెల్ని, మేకల్ని తోటలోకి వదిలి మిగిలిన ఆకును మేపిస్తారు. ఆకు దూసే కూలీ ఖర్చు తగ్గుతుంది, పైగా పెంట ఎరువు కూడా తోటలోనే పడుతుంది!

ఆ తర్వాత నేల నుంచి 45 - 50 సెంటీమీటర్ల ఎత్తు, అంటే సుమారు అడుగున్నర ఉంచి మిగతాదంతా కత్తిరిస్తారు. ఎండు పుల్లలు, ఒకదానికొకటి అడ్డం పడే కొమ్మలు, సన్నగా పీలగా ఉన్నవి పూర్తిగా తీసేస్తారు. పాదులు తవ్వి ఎరువు వేసి, అప్పుడు నీళ్లు వదులుతారు. అన్నాళ్లు దాహంతో ఉన్న చెట్టు ఒక్కసారిగా చిగురిస్తుంది.

నేలలో పెరిగే ఎదిగిన చెట్టుకు సిఫార్సు చేసే మోతాదు.. 10 కిలోల పశువుల ఎరువు, ఏడాదికి 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్. ఇందులో రసాయన ఎరువుల్ని రెండు దఫాలుగా, కత్తిరింపు తర్వాత ఒకసారి, జూన్ - జులైలో మరోసారి వేస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇది పోషకాల లెక్క, సంచిలోని ఎరువు బరువు కాదు. 60 గ్రాముల నత్రజని అందాలంటే యూరియా సుమారు 130 గ్రాములు కావాలి. ఇంకో ముఖ్యమైన మాట.. ఈ లెక్క పొలానికే. ఇంట్లో కుండీకి ఇంత వేస్తే వేళ్లు మాడిపోతాయి.

తోటంతా ఒకేరోజు కత్తిరిస్తే పూలన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అందుకే తెలిసిన రైతులు తోటను భాగాలు చేసి, కొన్ని రోజుల తేడాతో కత్తిరిస్తూ పోతారు. పూలు కాస్త ముందుగా అందినవాళ్లకు మంచి ధర దొరుకుతుంది, కోతకు కూలీలు కూడా సర్దుకుంటారు. మేడ మీద నాలుగైదు కుండీలున్న వాళ్లూ ఈ కిటుకు వాడుకోవచ్చు. రెండు కుండీలు ఇప్పుడు, మిగతావి రెండు మూడు వారాల తర్వాత కత్తిరిస్తే పూల రోజులు పెరుగుతాయి.

కుండీలో మల్లెకు ఎలా?

గుండు మల్లె అయినా, దొంతర మల్లె అయినా నవంబర్ చివరి నుంచి సంక్రాంతి లోపు ఎప్పుడైనా ఈ పని పెట్టుకోవచ్చు. ముందు పది, పదిహేను రోజులు నీళ్లు బాగా తగ్గించాలి. పొలంలోలా నెల రోజులు మానేస్తే కుదరదు. కుండీలో మట్టి త్వరగా ఆరిపోతుంది. కొమ్మ తొక్క ముడుచుకుంటున్నట్టు కనిపిస్తే ఒక గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు.

కత్తిరించేటప్పుడు మూడో వంతు నుంచి సగం దాకా తీసేయొచ్చు. కత్తెర పదునుగా ఉండాలి, ముందు స్పిరిట్‌తో తుడవాలి. మొద్దు కత్తెరతో నలిపితే కొమ్మ చివర చీలి అక్కడి నుంచే ఎండు తెగులు మొదలవుతుంది. కణుపుకు కొంచెం పైన కోయాలి. మిగిలిన ఆకుల్ని కూడా చేత్తో దూసేయాలి. ఈ దశలో చెట్టు చూడటానికి చచ్చిపోయిన పుల్లల మోపులా ఉంటుంది, ఇంట్లోవాళ్లు నాలుగు మాటలు అంటారు కూడా. కంగారు పడాల్సిన పని లేదు. సాధారణంగా రెండు మూడు వారాల్లో కణుపుల దగ్గర ఎర్రటి, లేత ఆకుపచ్చ చిగుళ్లు కనిపిస్తాయి.

కత్తిరించాక పైన రెండు అంగుళాల మట్టి తీసి, బాగా మాగిన పశువుల ఎరువో, వర్మీ కంపోస్టో రెండు మూడు గుప్పెళ్లు, కాస్త వేపపిండి కలిపి నింపాలి. కుండీ మార్చి రెండు మూడేళ్లు దాటితే మొక్కను బయటికి తీసి చూడటం మంచిది. వేళ్లు గోడ చుట్టూ గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చివర్లు కత్తిరించి, కొత్త మట్టిలో నాటుకోవడానికి ఇదే సరైన అదును. 12 అంగుళాల కన్నా చిన్న కుండీలో మల్లె ఎక్కువ కాలం సుఖపడదు.

అన్నిటికన్నా ముఖ్యం ఎండ. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. బాల్కనీలో నీడన ఉన్న మల్లెకు ఏం చేసినా ఆకులే ఇస్తుంది. ఈ ఒక్క విషయం అపార్ట్‌మెంట్ వాళ్లకు మింగుడు పడదు గానీ దీనికి వేరే దారి లేదు.

"ఒక్క చెంచా వేస్తే వంద పూలు" అనే వీడియోలు ఫోన్‌లో రోజుకొకటి వస్తూనే ఉంటాయి. అరటి తొక్కలో పొటాషియం ఉన్నమాట నిజమే, కానీ అది కుళ్లి మట్టిలో కలిస్తేనే మొక్కకు అందుతుంది. పచ్చి తొక్కలు కుండీలో కుక్కితే ముందుగా వచ్చేది పూలు కాదు, చీమలు! వాడేసిన టీ పొడి అయితే కడిగి, ఆరబెట్టి వేసుకోవాలి. పూలు రావట్లేదని యూరియా చల్లడం మాత్రం పూర్తిగా తప్పు. నత్రజని ఎక్కువైతే చెట్టు ఆకు మీదే పడుతుంది, మొగ్గ మరిచిపోతుంది.

నాటి ఏడాది కూడా కాని చిన్న మొక్కను ఇంత గట్టిగా కోయకూడదు, చివర్లు తుంచితే చాలు. పందిరికో, గ్రిల్‌కో పాకించిన తీగ మల్లెను కూడా మోకాలి ఎత్తుకు నరికేయొద్దు. ప్రధాన తీగల్ని ఉంచి, పక్క కొమ్మల్ని మాత్రమే పొట్టిగా కత్తిరించాలి.

అన్నిటికీ ఒకే రూల్ కాదు

ఇప్పుడు మార్కెట్‌లో తెల్లగా కనిపించే మూరలు ఎక్కువగా కాగడాలు. వాసన పెద్దగా ఉండదు, కానీ త్వరగా వాడవు. ఇది చలిలోనే పూసే రకం. మల్లె అనుకుని ఇప్పుడు దీనికి కత్తెర పెడితే చేతికొచ్చిన పూలు పోగొట్టుకున్నట్టే. దీని కత్తిరింపు పూత అయిపోయాకే. జాజి తీగలకైతే డిసెంబర్ చివరి నుంచి జనవరి దాకా ఆగొచ్చు.

మామిడి సంగతి అసలే వేరు. రాత్రిళ్లు చల్లగా ఉంటేనే దాని కొమ్మ చివర పూమొగ్గ తయారవుతుంది. ఈ నెలల్లో పెరటి మామిడి కొమ్మలు నరికితే ఆ మేరకు పూత, కాయ రెండూ పోతాయి. మోదుగ అయితే ఎవరి సాయమూ అడగదు. ఆకులన్నీ రాల్చేసి, హోలీ నాటికి ఒళ్లంతా నిప్పులా పూస్తుంది.

చామంతి విషయంలో చాలామంది చేసే పని.. పూలు వాడగానే కుండీ ఖాళీ చేసేయడం. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూసే మొక్క, అందుకే దాని సీజన్ శీతాకాలం. పూలు అయ్యాక కాడల్ని కిందికి కోసేస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని వేసవి గడిచేదాకా కాస్త నీడపట్టున కాపాడుకుంటే వచ్చే చలికాలానికి మొక్కలు కొనక్కర్లేదు. ఎండాకాలం దాటించడమే కష్టమైన పని, కొన్ని పోతాయి. అయినా ఒక్క తల్లి మొక్క నుంచి వచ్చే పిలకలు చూస్తే ఆ ప్రయత్నం దండగ కాదనిపిస్తుంది.

మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఇప్పుడు ఆకులు పోగొట్టుకుని ఖాళీ కుండీలా కనిపిస్తుంది. దుంప లోపల నిద్రలో ఉంటుంది. పాపం ఎండిపోయిందని రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. ఆ కుండీని ఓ మూలన పెట్టి మరిచిపోవడమే దానికి చేసే మేలు.

ఫ్రిజ్‌లో తులిప్.. డాలస్‌లో మల్లె

శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గరున్న ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోట మార్చి చివర, ఏప్రిల్‌లలో రంగులతో నిండిపోతుంది. ఆ ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో దుంపలు తెప్పించుకునే వాళ్లు మన దగ్గరా ఉన్నారు. కశ్మీర్‌లో ఆ దుంపల్ని శీతాకాలానికి ముందే నాటుతారు. నెలల తరబడి చలిలో ఉంటేనే లోపలి పూకాడ సరిగ్గా సాగుతుంది. హైదరాబాద్, విజయవాడ చలి దానికి ఏమూలకూ సరిపోదు. చలి తగిలించని దుంపలు తెస్తే 12 నుంచి 16 వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, అది కూడా యాపిల్ పళ్లకు దూరంగా. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి పూమొగ్గను చంపేస్తుంది. ఇంత చేసినా మన దగ్గర అది ఒక్క సీజన్ ముచ్చటే, దుంప మళ్లీ పూస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

అమెరికాలోని తెలుగువాళ్లకు కష్టం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ చలి గట్టిగా ఉండే చోట్ల పెరట్లో తులిప్ దానంతటదే వస్తుంది, మల్లెను బతికించుకోవడమే గొప్ప. మంచు పడితే గుండు మల్లె తట్టుకోలేదు. అందుకే చలి ముదరకముందే కుండీని ఇంట్లోకి తెచ్చి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు తగ్గించి కాపాడతారు. కత్తిరింపు తేదీ కూడా అక్కడికి తగ్గట్టు జరుగుతుంది. సాధారణంగా డాలస్‌లో అయితే మార్చి మధ్యకు, న్యూజెర్సీలో ఏప్రిల్ చివరికో, మేకో మంచు భయం పోతుంది. దానికి కొద్ది వారాల ముందు కత్తిరించి, భయం పోయాక బయట పెట్టుకుంటారు. పూలు మనకన్నా ఆలస్యంగా, వాళ్ల వేసవిలో వస్తాయి.

మొగ్గ పడ్డాక ఇవి చూసుకోండి

ఇక్కడ సంక్రాంతి లోపు కత్తిరించిన చెట్టుకు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మొగ్గలు కనిపించాలి. అప్పటి నుంచి నీళ్లు తప్పకూడదు. మొగ్గలకు చిన్న రంధ్రాలు పడి, గుత్తి అల్లుకుపోయినట్టు ఉంటే మొగ్గ తొలుచు పురుగు చేరినట్టు. మొగ్గలు గులాబీ రంగుకు తిరిగి రాలిపోతుంటే మొగ్గ ఈగ పని కావొచ్చు. నాలుగు కుండీలున్న ఇంట్లో మందుల దాకా వెళ్లక్కర్లేదు. అలాంటి మొగ్గల్ని రోజూ ఏరి, కవర్‌లో కట్టి పారేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. కింద రాలినవి కుండీలోనే వదిలేయొద్దు, పురుగు మట్టిలోకి దిగి మళ్లీ వస్తుంది. ఎండలు ముదిరాక ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది, పైపుతో ఆకు కింది వైపు నీళ్లు గట్టిగా కొడితే తగ్గుతుంది.

అమ్మకానికైతే తెల్లవారుజామునే మొగ్గలు కోస్తారు. ఇంటి వాడకానికి సాయంత్రం పొద్దు వాలకముందు, మొగ్గ తెల్లగా నిండుగా ఉబ్బినప్పుడు కోస్తే చాలు. మాల కట్టేలోపే విచ్చుకోవడం మొదలవుతుంది. మొదటి పూత అయిపోగానే పూసిన కొమ్మల చివర్లు రెండేసి అంగుళాలు తుంచి, గుప్పెడు కంపోస్టు వేస్తే మళ్లీ చిగురేసి వానలు పడేదాకా పూస్తూనే ఉంటుంది.